నచ్చజెప్పడమా, కోర్టుకెక్కడమా: ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లను కంపెనీల చేత పాటింపజేసే దారులు

క్లుప్తంగా: లినక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌ను ఏ కంపెనీ అయినా పైసా కట్టకుండా తన వస్తువులో పెట్టి అమ్ముకోవచ్చు. బదులుగా దానికున్న జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) ఒకటే ప్రధానంగా అడుగుతుంది: కొన్నవాళ్లకు సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, ఇవ్వాలి. చాలా కంపెనీలు ఆ మాట నిలబెట్టుకోవు. వాటిని దారికి తేవడానికి ఓపికగా మాట్లాడాలని కొందరు, దావా వేయాలని కొందరు ఇరవై ఏళ్లకు పైగా వాదించుకుంటున్నారు. ఇప్పటిదాకా నడిచిన కేసులు చూస్తే, వెనక దావా హక్కు ఉందని తెలిసినప్పుడే మంచి మాటకు విలువ దక్కింది. అదే దావా డబ్బు రాబట్టుకునే పనిముట్టుగా మారినప్పుడు దెబ్బ తగిలింది ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల సమాజానికే.

ఉచితమే, కానీ షరతుంది

గోడకు తగిలించిన వైఫై రౌటర్‌లో, స్మార్ట్ టీవీలో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచేది చాలావరకు లినక్స్ కెర్నలే. కెర్నల్ అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కు గుండెకాయ లాంటి భాగం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ కెర్నల్ జీపీఎల్ రెండో వెర్షన్ కింద అందుబాటులో ఉంది. ఈ లైసెన్స్‌ను తయారుచేసింది రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్. మొదటి వెర్షన్ 1989లో, రెండోది 1991లో, మూడోది 2007లో వచ్చాయి.

ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లన్నీ ఒక్కలాంటివి కావు. ఎంఐటీ, బీఎస్‌డీ లాంటివి రాసినవాళ్ల పేరు, లైసెన్స్ పాఠం తీసేయకుండా ఉంచితే చాలంటాయి. జీపీఎల్ అంతకంటే ఎక్కువ అడుగుతుంది. సాఫ్ట్‌వేర్‌ను సొంతానికి వాడుకున్నంత కాలం ఏ బాధ్యతా లేదు. ఇంకొకరికి ఇచ్చిన రోజున, అమ్మిన వస్తువులో పెట్టి ఇచ్చినా సరే, దాని సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. వస్తువుతో పాటే ఇవ్వొచ్చు. లేదంటే అడిగినవాళ్లెవరికైనా పంపుతామని కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. పంపే ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. కోడ్‌ను కంపైల్ చేయడానికి (యంత్రం నడపగల రూపంలోకి మార్చడానికి), ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన స్క్రిప్టులు కూడా సోర్స్ కోడ్‌లో భాగమేనని రెండో వెర్షన్ స్పష్టంగా చెబుతుంది. ఇటీవలి కేసుల్లో ఈ ఒక్క వాక్యం చుట్టూ చాలా వాదన జరిగింది.

ఈ షరతుకు బలం కాపీరైట్ చట్టం నుంచి వస్తుంది. రాసినవాళ్ల అనుమతి లేకుండా ప్రోగ్రామ్‌ను కాపీ చేసి పంచడం నేరుగా ఉల్లంఘనే. ఆ అనుమతి ఇచ్చే కాగితం లైసెన్స్ ఒక్కటే. షరతు తప్పితే కాగితం చెల్లదు, మిగిలేది అనుమతి లేని కాపీ. బొమ్మ రైళ్లను కంప్యూటర్‌తో నడిపే ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ మీద నడిచిన జాకబ్సన్, కాట్జర్ కేసులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 2008లో ఈ వాదనను ఒప్పుకుంది. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన షరతుకు విలువ పోదని, ఉల్లంఘిస్తే అది కాపీరైట్ ఉల్లంఘన కిందికే రావచ్చని తేల్చింది. భారత కాపీరైట్ చట్టం, 1957 కూడా కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య కృతుల్లోనే చేర్చింది కాబట్టి, ఇక్కడ రాసిన కోడ్‌కూ అదే రక్షణ ఉంది.

తప్పు ఎక్కడ మొదలవుతుంది

కంపెనీలన్నీ కావాలని దొంగతనం చేస్తున్నాయనుకుంటే అసలు సమస్య అర్థం కాదు. ఒక రౌటర్ తయారీని తీసుకుందాం. చిప్ తయారుచేసే కంపెనీ ఆ చిప్ మీద నడిచేలా లినక్స్‌ను మార్చి, సాఫ్ట్‌వేర్ కిట్‌గా ఇస్తుంది. ఆ కిట్ తీసుకుని తైవాన్‌లోనో చైనాలోనో ఒక ఫ్యాక్టరీ రౌటర్ తయారుచేస్తుంది. దాన్ని కొని తన పేరు ముద్రించి అమ్మేది ఒక పెద్ద బ్రాండ్. సోర్స్ కోడ్ కావాలని కొన్నతను బ్రాండ్‌కు ఉత్తరం రాస్తాడు. బ్రాండ్ దగ్గర ఉన్నది తయారైన ఫర్మ్‌వేర్ ఫైల్ (పరికరంలో ఎక్కించే సాఫ్ట్‌వేర్) మాత్రమే, సోర్స్ లేదు. అది ఫ్యాక్టరీని అడుగుతుంది, ఫ్యాక్టరీ చిప్ కంపెనీ వైపు చూపిస్తుంది. చిప్ కంపెనీ రహస్య ఒప్పందం ఉందంటుంది. చట్టం దృష్టిలో బాధ్యత మాత్రం అమ్మిన ప్రతి ఒక్కరిదీ.

ఉల్లంఘనను పట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. కంపెనీ సైట్‌లో అప్‌డేట్ కోసం పెట్టిన ఫర్మ్‌వేర్ ఫైల్‌ను డౌన్‌లోడ్ చేసి, బిన్‌వాక్ లాంటి ఉపకరణంతో విప్పితే లోపల కెర్నల్ ఒకచోట, ఫైల్ సిస్టమ్ ఒకచోట బయటపడతాయి. ఫైల్‌లోని అక్షరాలను మాత్రమే చూపించే మామూలు కమాండ్ నడిపినా బిజీబాక్స్ పేరు, వెర్షన్ సంఖ్యతో సహా కనబడుతుంది. బిజీబాక్స్ అంటే లినక్స్‌లోని చిన్న చిన్న కమాండ్లన్నిటినీ ఒకే ప్రోగ్రామ్‌లో కుదించిన సాఫ్ట్‌వేర్. మెమరీ తక్కువ ఉన్న పరికరాల్లో దాన్ని విరివిగా వాడతారు. అందుకే ఉల్లంఘన కేసుల్లో ఎక్కువగా దాని పేరే వినిపించింది.

కష్టం ఆ తర్వాత ఉంది. గట్టిగా అడిగాక కంపెనీ ఒక జిప్ ఫైల్ పంపుతుంది. విప్పి చూస్తే పరికరంలో ఉన్న కెర్నల్ ఒక వెర్షన్, పంపింది ఇంకో వెర్షన్. ఏ భాగాలను చేర్చి కంపైల్ చేశారో చెప్పే కాన్ఫిగరేషన్ ఫైల్ ఉండదు. కెర్నల్‌నూ ఫైల్ సిస్టమ్‌నూ కలిపి పరికరం ఒప్పుకునే ఇమేజ్‌గా మార్చే స్క్రిప్టు ఉండదు. ఎక్కడెక్కడ మార్పులు చేశారో ఆ ఫైళ్లే కనబడవు. ఇచ్చామని కంపెనీ అంటుంది, అందలేదని అడిగినవాళ్లు అంటారు. కంపైల్ చేసి, పరికరంలో ఎక్కించి, అది నడుస్తుందో లేదో చూడటమే అసలు పరీక్ష. ఆ పరీక్ష చేయడానికి నైపుణ్యం ఉన్న మనిషి రోజుల తరబడి కూర్చోవాలి. నచ్చజెప్పే దారికి ఎక్కువ ఖర్చయ్యేది ఇక్కడే.

మాటతో పనయిన రోజులు

జీపీఎల్ వచ్చిన మొదటి దశాబ్దంలో ఈ వ్యవహారమంతా తెర వెనుకే నడిచింది. స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ కంపెనీ, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు చెందిన జీసీసీ కంపైలర్‌కు ఆబ్జెక్టివ్ సీ భాషను జోడించి, ఆ భాగాన్ని సోర్స్ లేకుండా ఇవ్వాలని చూసింది. ఫౌండేషన్ కుదరదన్నాక సోర్స్ బయటపెట్టింది. కోర్టు దాకా పోలేదు. ఫౌండేషన్ తరఫున న్యాయ వ్యవహారాలు చూసిన కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎబెన్ మోగ్లెన్ పద్ధతి కూడా ఇదే. కంపెనీ పేరు బయటపెట్టకుండా పిలిచి మాట్లాడటం, సోర్స్ ఇస్తే పాత తప్పును వదిలేయడం, నష్టపరిహారం కోసం పట్టుబట్టకపోవడం.

ఈ పద్ధతి ఏం సాధించగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఒక్క రౌటర్ కథలోనే తెలుస్తుంది. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ 2002 చివర్లో మార్కెట్లోకి వచ్చింది. అందులో లినక్స్ ఉందని, సోర్స్ మాత్రం ఇవ్వడం లేదని 2003లో కెర్నల్ డెవలపర్లు గుర్తించారు. సరిగ్గా ఆ ఏడాదే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో లింక్‌సిస్‌ను కొనేసింది. అంటే తను చేయని తప్పుకు సిస్కో జవాబు చెప్పాల్సొచ్చింది. చర్చలు జరిగాయి, సోర్స్ బయటికొచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు మొదలైంది. ఈ రోజు ఎన్నో రకాల రౌటర్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి దాన్ని ఎక్కించుకుంటున్నారు. అమ్మిన కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రౌటర్‌కు కూడా భద్రతా సవరణలు అందుతున్నాయంటే కారణం ఆ రోజు దక్కిన సోర్స్ కోడే. ఆ సోర్స్ పుణ్యాన డబ్ల్యూఆర్‌టీ54జీకి గిరాకీ పెరిగింది కూడా. 2005లో ఖర్చు తగ్గించుకోవడానికి మెమరీ సగానికి కోసి, లినక్స్‌ను తీసేసిన లింక్‌సిస్, లినక్స్ కావాలనేవాళ్ల కోసమే జీఎల్ అనే మోడల్‌ను విడిగా అమ్మింది.

కథ అక్కడితో అయిపోలేదు. సిస్కో మిగతా వస్తువుల మీద ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. ఒకటి సరిచేసేలోపు ఇంకొకటి. ఐదేళ్లు మాట్లాడాక 2008 డిసెంబరులో ఫౌండేషన్ దావా వేసింది. 2009 మేలో రాజీ కుదిరింది. లైసెన్స్ పాటిస్తున్నారో లేదో చూడటానికి లింక్‌సిస్‌లో ప్రత్యేకంగా ఒక అధికారిని పెట్టడానికి, ఫౌండేషన్‌కు కొంత డబ్బు ఇవ్వడానికి సిస్కో ఒప్పుకుంది. ఒక్కో వస్తువుకు సోర్స్ రాబట్టడం మాటలతో సాధ్యమైంది. కంపెనీ లోపలి పద్ధతి మారడానికి మాత్రం దావా కావాల్సొచ్చింది.

టెస్లా విషయంలో దావా లేకుండానే పని ముందుకు సాగింది, కానీ ఎంత నెమ్మదిగా! సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ 2013లో టెస్లాతో మాట్లాడటం మొదలుపెడితే, కారులోని లినక్స్‌కు సంబంధించిన కొంత సోర్స్ 2018 మేలో బయటికొచ్చింది. ఐదేళ్లలో ఒక కారు మోడలే పాతబడిపోతుంది.

జర్మనీలో వారాల్లో తీర్పు

నెట్‌ఫిల్టర్ అంటే లినక్స్ కెర్నల్‌లో ఫైర్‌వాల్ పని చేసే భాగం. దాని డెవలపర్లలో ఒకరైన హరాల్డ్ వెల్టె 2004లో జర్మనీలో వేరే దారి పట్టారు. సిటెకామ్ అనే కంపెనీ తన కోడ్‌ను రౌటర్‌లో పెట్టి, సోర్స్ ఇవ్వకుండా అమ్ముతోందని మ్యూనిక్ కోర్టుకు వెళ్లారు. కోర్టు తాత్కాలిక నిషేధం విధించింది, ఆ మేలో దాన్ని ఖరారు చేసింది. జీపీఎల్ చెల్లుతుందని ఒక కోర్టు చెప్పడం ఒక మైలురాయి. 2006లో డీ-లింక్ కంపెనీ జీపీఎల్‌కు చట్టబద్ధత లేదని ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాదించి ఓడిపోయింది.

జర్మనీలోనే ఇది ఎందుకు సాధ్యమైందంటే, అక్కడి పద్ధతి వేరు. హక్కుదారు ముందు వకీలు ద్వారా హెచ్చరిక నోటీసు పంపుతాడు. ఇకముందు ఇలా చేయమని, చేస్తే ఇంత జరిమానా కడతామని కంపెనీ రాసివ్వాలి. రాసివ్వకపోతే కోర్టు కొన్నిసార్లు అవతలి పక్షాన్ని పిలవకుండానే అమ్మకాలు ఆపేయమని ఆదేశిస్తుంది. ఇదంతా వారాల్లో అయిపోతుంది. అమెరికాలో ఇదే పనికి ఏళ్లు పట్టవచ్చు, కోట్లు ఖర్చవ్వచ్చు. పండగ అమ్మకాల ముందు సరుకు గోదాంలో ఇరుక్కుపోతే ఏ కంపెనీకైనా టెన్షనే. వెల్టె ఆ ఒత్తిడిని సోర్స్ కోసం వాడుకున్నారు. ఆల్‌నెట్‌తో కుదిరిన రాజీలో కంపెనీ ఇచ్చిన డబ్బు ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థలకు విరాళంగా వెళ్లింది. ఇదే యంత్రాంగం మరొకరి చేతిలో పడితే ఏమవుతుందో పదేళ్ల తర్వాత తెలిసింది.

బిజీబాక్స్ దావాలు: గెలిచారా, ఓడారా?

అమెరికాలో మొదటి జీపీఎల్ దావాలు బిజీబాక్స్ డెవలపర్లు ఎరిక్ ఆండర్సన్, రాబ్ లాండ్లీ పేర్ల మీద 2007 సెప్టెంబరులో మొదలయ్యాయి. వేసింది మోగ్లెన్ స్థాపించిన సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్. మొదటి ప్రతివాది మాన్సూన్ మల్టీమీడియా కొద్ది వారాల్లోనే రాజీకొచ్చింది. ఆ డిసెంబరులో టెలికాం కంపెనీ వెరిజాన్ వంతు వచ్చింది. వెరిజాన్ తన కస్టమర్లకు ఇచ్చిన రౌటర్ తయారుచేసింది యాక్షన్‌టెక్ కాబట్టి, రాజీకొచ్చి డబ్బు కట్టింది ఆ కంపెనీ. పైన చెప్పుకున్న గొలుసు కోర్టులో కూడా అలాగే కనబడింది. 2009 డిసెంబరులో బెస్ట్ బై, శాంసంగ్, జేవీసీ, వెస్టింగ్‌హౌస్ డిజిటల్ సహా 14 కంపెనీల మీద ఒకేసారి దావా పడింది. కోర్టుకు సరిగా జవాబివ్వని వెస్టింగ్‌హౌస్ మీద 2010లో 90,000 డాలర్ల నష్టపరిహారం, వకీళ్ల ఖర్చులు, అమ్మకాల నిషేధం విధించారు.

లెక్క ప్రకారం ఇవన్నీ గెలుపులే. కానీ వాది అయిన లాండ్లీయే తర్వాత ఈ దావాలను తప్పుబట్టారు. ఇన్ని కేసుల వల్ల బిజీబాక్స్ ప్రాజెక్టుకు పనికొచ్చే కోడ్ ఏమీ తిరిగి రాలేదని, కంపెనీలు జీపీఎల్‌నే వదిలి పారిపోయేలా అయిందని ఆయన వాదన. తర్వాత అదే పని చేసే టాయ్‌బాక్స్‌ను షరతులు దాదాపు లేని లైసెన్స్ కింద రాశారు. గూగుల్ 2015లో దాన్ని ఆండ్రాయిడ్‌లోకి తీసుకుంది. లినక్స్ కెర్నల్ తప్ప మిగతా ఆండ్రాయిడ్‌లో జీపీఎల్ కోడ్ వీలైనంత ఉండకూడదన్నది గూగుల్ పాటించిన పద్ధతి. యాపిల్‌దీ అదే దారి. కమాండ్లు టైప్ చేసే బాష్ అనే ప్రోగ్రామ్ జీపీఎల్ మూడో వెర్షన్ కిందికి మారాక, దాన్ని కొత్త వెర్షన్లకు అప్‌డేట్ చేయకుండా ఏళ్ల తరబడి ఉంచి, 2019లో అదే పని చేసే జడ్‌షెల్‌కు మారింది. యాపిల్ మీద ఎవరూ దావా వేయలేదు, మూడో వెర్షన్ షరతులే దానికి నచ్చలేదు. కాబట్టి కంపెనీలు జీపీఎల్‌కు దూరం జరగడానికి దావాలే కారణమనడం సగం నిజమే.

దీనికి అవతలి వాదన కన్సర్వెన్సీది. అసలు ప్రాజెక్టుకు కోడ్ తిరిగి రావడం జీపీఎల్ ఉద్దేశం కాదని, వస్తువు కొన్నవాళ్ల చేతికి సోర్స్ రావాలన్నదే ఉద్దేశమని అది అంటుంది. శాంసంగ్ టీవీల సాఫ్ట్‌వేర్‌ను వాడకందారులు సొంతంగా మార్చుకునే శామీగో ప్రాజెక్టుకు బిజీబాక్స్ దావాలో బయటికొచ్చిన సోర్స్ ఊపిరి పోసిందని ఉదాహరణ చూపిస్తుంది. ఇద్దరూ ఒకే ఫలితాన్ని చూసి వేర్వేరు తీర్పులు చెప్పడానికి కారణం, వాళ్లు కొలిచినవే వేరు. డెవలపర్ తన ప్రాజెక్టుకు తిరిగొచ్చిన కోడ్ మార్పులు లెక్కపెడతాడు. వాడకందారు తన టీవీలో ఏం మార్చుకోగలిగాడో చూస్తాడు. లైసెన్స్ పాఠం చదివితే అది రెండోవాడి పక్షానే రాసి ఉంది. అయితే కోడ్ రాసే మొదటివాడికి విసుగొచ్చి తప్పుకుంటే రెండోవాడికి మార్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఒక్కరి చేతిలో నోటీసు పుస్తకం

జర్మనీ యంత్రాంగం ఎలా వికటించగలదో పాట్రిక్ మెక్‌హార్డీ వ్యవహారం చూపించింది. ఆయన కూడా నెట్‌ఫిల్టర్ డెవలపరే, ఒకప్పుడు ఆ ప్రాజెక్టును నడిపే కోర్ బృందానికి నాయకుడు. ఆయన సొంతంగా కంపెనీలకు నోటీసులు పంపడం మొదలుపెట్టారు. పద్ధతి ఇలా ఉంటుంది. మొదటి నోటీసులో చిన్న లోపం చూపిస్తారు. లైసెన్స్ పాఠం జతచేయలేదనో, సోర్స్ ఇస్తామన్న హామీ సరిగా లేదనో. కంపెనీ పెద్ద ఖర్చేమీ లేదు కదా అని, ఇకముందు తప్పు జరిగితే జరిమానా కడతామని సంతకం పెట్టేస్తుంది. వస్తువుల్లో జీపీఎల్ కోడ్ ఎక్కడెక్కడ ఉందో దానికే పూర్తిగా తెలియదు. కొంతకాలానికి రెండో నోటీసులో ఇంకో వస్తువు, ఇంకో లోపం. ఈసారి కాపీరైట్ వాదన అక్కర్లేదు, సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం జరిమానా కట్టాలి. కట్టాక మళ్లీ కొత్త ఒప్పందం, ఈసారి జరిమానా ఇంకా ఎక్కువ.

ఇందులో సోర్స్ కోడ్ ఎక్కడా ప్రధానం కాదు. కంపెనీ అన్నీ ఒకేసారి సరిచేసుకుంటే రాబడి ఆగిపోతుంది. అంటే నోటీసు పంపేవాడి లాభం, లైసెన్స్ ఉద్దేశం ఎదురెదురుగా నిలబడతాయి. వేలమంది కలిసి రాసిన కెర్నల్‌లో ఒక్కరి వాటా ఎంత చిన్నదైనా, ఆ ఒక్కరు మొత్తం వస్తువు అమ్మకాన్ని ఆపించే స్థితి ఏర్పడింది. నెట్‌ఫిల్టర్ కోర్ బృందం 2016లో ఆయన్ను సస్పెండ్ చేసింది. 2018 మార్చిలో జెనియాటెక్ కంపెనీతో నడుస్తున్న కేసులో కొలోన్ అప్పీలు కోర్టు సందేహాలు వ్యక్తం చేయడంతో ఆయన తన దరఖాస్తును వెనక్కి తీసుకున్నారు. 2022 జనవరిలో నెట్‌ఫిల్టర్ బృందం ఆయనతో కోర్టులోనే రాజీ కుదుర్చుకుంది. నెట్‌ఫిల్టర్ కోడ్ మీద ఎవరి మీదైనా చర్య తీసుకోవాలంటే బృందంలో మెజారిటీ ఒప్పుకోవాలన్నది దాని సారాంశం.

గడువు ఇచ్చే ఒప్పందం

మెక్‌హార్డీ నోటీసులకు అంత బలం రావడానికి జీపీఎల్ రెండో వెర్షన్‌లోని ఒక నిబంధన కూడా కారణం. షరతు తప్పిన క్షణంలో హక్కులన్నీ వాటంతటవే పోతాయని నాలుగో సెక్షన్ అంటుంది. సరిచేసుకున్నాక అవి తిరిగొస్తాయని ఎక్కడా చెప్పదు. అంటే తప్పు దిద్దుకున్న కంపెనీ కూడా, కఠినంగా చూస్తే, వేలమంది హక్కుదారుల క్షమాపణ పొందాలి. 2007 నాటి మూడో వెర్షన్ ఈ లోపాన్ని సరిచేసింది. ఉల్లంఘన ఆపాక 60 రోజుల్లోపు హక్కుదారు అభ్యంతరం చెప్పకపోతే హక్కులు శాశ్వతంగా తిరిగొస్తాయి. మొదటిసారి నోటీసు అందుకున్న కంపెనీ 30 రోజుల్లో సరిచేసుకుంటే అప్పుడూ తిరిగొస్తాయి. కానీ లినక్స్ రెండో వెర్షన్ మీదే ఉండిపోయింది.

దాంతో మధ్యేమార్గం వెతికారు. 2015లో కన్సర్వెన్సీ, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కలిసి కొన్ని సూత్రాలు ప్రకటించాయి. లైసెన్స్ పాటింపజేయడమే ప్రధాన లక్ష్యం, డబ్బు ఎప్పుడూ దానికంటే ముందుకు రాకూడదు, దావా చివరి మెట్టు. 2016లో కెర్నల్ డెవలపర్ల మధ్య ఇదే విషయం మీద పెద్ద వాగ్వాదం జరిగింది. దావాలు వేస్తే రేపు కోడ్ ఇవ్వగల కంపెనీలే శత్రువులవుతాయని టోర్వాల్డ్స్ గట్టిగా వాదించారు. ఆయన లెక్కలో బిజీబాక్స్ ఒక హెచ్చరిక. లినక్స్‌కు కోడ్ రాసే ఇంజినీర్లలో ఎక్కువమంది జీతాలిచ్చేది కంపెనీలే కాబట్టి, ఆ వాదన ఆచరణ నుంచి వచ్చిందే. ఒకప్పుడు బిజీబాక్స్ దావాలు నడిపిన సంస్థకు అధిపతి అయిన మోగ్లెన్ కూడా ఆ ఏడాది బలప్రయోగం తగ్గించాలన్న పక్షానే మాట్లాడారు.

2017 అక్టోబరులో కెర్నల్ డెవలపర్లు ఒక ప్రకటన చేశారు. మూడో వెర్షన్‌లోని గడువులను తమ కోడ్ విషయంలోనూ పాటిస్తామని వందమందికి పైగా సంతకం పెట్టారు. నవంబరులో రెడ్ హ్యాట్, ఐబీఎం, గూగుల్, ఫేస్‌బుక్ తమ కాపీరైట్ ఉన్న కోడ్‌కు అదే మాట ఇచ్చాయి. 2018లో మైక్రోసాఫ్ట్, సిస్కో, శాప్, సూసే లాంటివి చేరాయి. జీపీఎల్ కేసుల్లో ఒకప్పుడు ప్రతివాదిగా నిలబడ్డ సిస్కో ఈ జాబితాలో ఉండటం గమనించాల్సిన విషయం.

ఈ హామీల వల్ల మంచే జరిగింది. అయితే ఒక్క లోటుంది. అవి తొందరపడి దావా వేయకుండా ఆపుతాయి గానీ, 30 రోజులు కాదు మూడేళ్లయినా జవాబివ్వని కంపెనీని ఏం చేయాలో చెప్పవు.

కోర్టుకూ పరిమితులున్నాయి

కోర్టుకెక్కితే న్యాయం తప్పక దక్కుతుందన్న నమ్మకానికి వీఎంవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద నడిచిన కేసు గట్టి దెబ్బ. లినక్స్ డెవలపర్ క్రిస్టఫ్ హెల్విగ్ కన్సర్వెన్సీ అండతో 2015లో హాంబర్గ్‌లో దావా వేశారు. లినక్స్ నుంచి తీసుకున్న భాగాలను వీఎంవేర్ తన రహస్య కెర్నల్‌తో కలిపి అమ్ముతోంది కాబట్టి మొత్తానికీ సోర్స్ ఇవ్వాలని వాదన. ఇలా కలిపితే జీపీఎల్ ఎంతదాకా వర్తిస్తుందన్నది పరిశ్రమ అంతా ఎదురుచూస్తున్న ప్రశ్న. కోర్టు ఆ ప్రశ్న దాకా వెళ్లనేలేదు. వీఎంవేర్ వస్తువులో తను రాసిన వాక్యాలు ఏవో హెల్విగ్ కచ్చితంగా నిరూపించలేకపోయారని 2016లో కేసు కొట్టేసింది. 2019లో అప్పీలు కూడా పోయింది. ఓడిపోయినా, వివాదానికి మూలమైన ఆ భాగాన్ని తీసేస్తున్నామని వీఎంవేర్ ప్రకటించింది.

ఫ్రాన్స్‌లో ఇంకో రకం అనుభవం. ఆంత్రువేర్ అనే చిన్న సహకార కంపెనీ, టెలికాం దిగ్గజం ఆరెంజ్ మీద 2011లో వేసిన జీపీఎల్ కేసులో, పారిస్ అప్పీలు కోర్టు 5 లక్షల యూరోలకు పైగా పరిహారం ఇప్పించింది 2024 ఫిబ్రవరిలో. పదమూడేళ్లు. ఇంత ఓపిక పట్టే స్తోమత ఎంతమంది డెవలపర్లకు ఉంటుంది?

చెస్ ప్రోగ్రామ్ స్టాక్‌ఫిష్ కేసు మాత్రం త్వరగా తేలింది. స్టాక్‌ఫిష్ కోడ్‌ను తీసుకుని, ఆ విషయం చెప్పకుండా అమ్మారని జర్మనీ కంపెనీ చెస్‌బేస్ మీద 2021లో దావా వేశారు. 2022 నవంబరులో రాజీ కుదిరింది. ఒక ఏడాది పాటు స్టాక్‌ఫిష్ కోడ్ ఉన్న వస్తువులు అమ్మబోమని, లైసెన్స్ వ్యవహారాలకు ఒక అధికారిని పెడతామని చెస్‌బేస్ ఒప్పుకుంది. జరిమానా బదులు నడవడిక మార్పు అడిగిన ఈ రాజీ, 2015 నాటి సూత్రాలకు దగ్గరగా ఉంది.

ముందే చూసుకునే పద్ధతి

ఉల్లంఘన జరిగాక పట్టుకోవడం కంటే జరగకుండా చూడటం చవక. ఓపెన్‌చెయిన్ అనే ప్రమాణం 2020లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ గుర్తింపు పొందింది. వస్తువులో ఏ కోడ్ ఏ లైసెన్స్ కింద ఉందో ప్రతి సరఫరాదారు జాబితాతో సహా అందించాలన్నది దాని సారం. ఆ జాబితా రాసే ఎస్‌పీడీఎక్స్ పద్ధతికి 2021లో ఐఎస్ఓ గుర్తింపు వచ్చింది. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో విదేశీ కంపెనీల కోసం ఫర్మ్‌వేర్ రాసే తెలుగు ఇంజినీర్లకు, రిలీజ్ ముందు కోడ్ స్కాన్, లీగల్ టీమ్ ఆమోదం రూపంలో ఇదే కనబడుతుంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ గురించి తెలుగునాట ప్రచారం చేస్తున్న స్వేచ్ఛ లాంటి సంస్థలు వాడకందారు హక్కుల గురించి మాట్లాడుతుంటే, ఆఫీసుల్లో ఆ లైసెన్సే పాటించాల్సిన ఒక చెక్‌లిస్టుగా చేరుతోంది.

స్కాన్‌కు కూడా హద్దుంది. ఏ లైసెన్స్ ఉందో అది చెబుతుంది. ఇచ్చిన సోర్స్ కంపైల్ అవుతుందో లేదో చెప్పదు.

కొన్నవాళ్లే అడిగితే?

ఇప్పటిదాకా చెప్పుకున్న కేసులన్నీ నడిపింది కోడ్ హక్కుదారులు. కన్సర్వెన్సీ 2021 అక్టోబరులో కాలిఫోర్నియాలో టీవీల కంపెనీ విజియో మీద వేసిన దావా ఈ లెక్కనే మార్చాలని చూస్తోంది. ఇందులో కన్సర్వెన్సీ హక్కుదారుగా రాలేదు, టీవీ కొన్న కస్టమర్‌గా వచ్చింది. జీపీఎల్ ఒక ఒప్పందం కూడా అని, ఆ ఒప్పందం ఎవరి మేలు కోసం రాశారో ఆ కొనుగోలుదారు నేరుగా సోర్స్ అడగొచ్చని దాని వాదన. డబ్బు అడగలేదు, సోర్స్ మాత్రమే అడిగింది. 2018 నుంచి మాట్లాడి, విజియో పంపిన కోడ్ అసంపూర్తిగా ఉందని పదే పదే చెప్పి, చివరికి జవాబులే ఆగిపోయాక ఈ దావా వేశామని కన్సర్వెన్సీ చెప్పింది. ఇది కాపీరైట్ వ్యవహారమే కాబట్టి ఫెడరల్ కోర్టులో తేలాలని విజియో వాదిస్తే, 2022 మేలో ఫెడరల్ కోర్టు కేసును రాష్ట్ర కోర్టుకే తిప్పి పంపింది. విచారణ లేకుండా కేసు కొట్టేయాలన్న విజియో వినతిని 2023 డిసెంబరులో రాష్ట్ర కోర్టు తోసిపుచ్చింది.

జర్మనీలో ఇలాంటిదే ఒక చిన్న కేసు. ఫ్రిట్జ్‌బాక్స్ రౌటర్లు తయారుచేసే ఏవీఎం కంపెనీ ఇచ్చిన సోర్స్‌లో ఇన్‌స్టాల్ స్క్రిప్టులు లేవని, రౌటర్ కొన్న ఒక డెవలపర్ 2023లో బెర్లిన్‌లో దావా వేశారు. కేసు నడుస్తుండగానే ఏవీఎం మిగతా భాగాలు ఇచ్చేసింది. ఈ ఫలితాన్ని కన్సర్వెన్సీ 2025 జనవరిలో ప్రకటించింది. ఆ మధ్యలో, 2024 చివర్లో, అదే సంస్థ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టుతో కలిసి పూర్తి సోర్స్‌తో వచ్చే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అనే రౌటర్‌ను అమ్మకానికి పెట్టింది. ఒక చేత్తో దావా, ఇంకో చేత్తో ఇలా చేయొచ్చని చూపించే వస్తువు. రెండు దారులు ఒకే సంస్థ దగ్గర కలవడం కొత్త.

కొనుగోలుదారు హక్కును కోర్టులు ఒప్పుకుంటే 2017 నాటి సర్దుబాటు ఇబ్బందిలో పడుతుంది. గడువు హామీలు ఇచ్చింది కెర్నల్ డెవలపర్లు, రెడ్ హ్యాట్, గూగుల్ లాంటి హక్కుదారులు. అవి కట్టిపడేసేది వాళ్లనే. టీవీ కొన్న మనిషి ఏ హామీ మీదా సంతకం పెట్టలేదు. అతను లైసెన్స్ రద్దు చేయమని అడగడు, జరిమానా అడగడు, తనకు రావాల్సిన సోర్స్ ఇమ్మంటాడు. దానికి 30 రోజుల గడువు వర్తించదు, కోర్ బృందం మెజారిటీ కూడా అక్కర్లేదు. కోడ్‌లో ఏ వాక్యం ఎవరు రాశారన్న ప్రశ్న, హెల్విగ్ కేసును ముంచిన ప్రశ్న, ఇక్కడ రానే రాదు. ఇప్పటిదాకా కంపెనీలు లెక్కేసుకున్నది దావా వేయగల హక్కుదారులు ఎంతమంది, వాళ్లలో ఓపికున్నవాళ్లు ఎవరని. విజియో మీద కన్సర్వెన్సీ నెగ్గితే, కనీసం కాలిఫోర్నియాలో, ఆ లెక్కలో బిల్లు చేతిలో ఉన్న ప్రతి కస్టమర్‌నూ చేర్చుకోవాల్సి ఉంటుంది.